పొరపాటున పంపిన మెయిల్: అన్‌డూ, రీకాల్, డిలే, ఫోన్... ఎప్పుడు దేన్ని నమ్మాలి

తప్పు మెయిల్ ఇప్పుడే పంపేసి టెన్షన్‌తో ఇది చదువుతున్నవాళ్లు కూడా ఉంటారు కాబట్టి ముందు వాళ్ల సంగతి చూద్దాం. కంప్యూటర్‌లో జీమెయిల్ వాడుతున్నట్టయితే స్క్రీన్ కింద ఎడమ మూలన చిన్న పట్టీలో అన్‌డూ ఇంకా కనిపిస్తోందేమో చూడండి. కనిపిస్తే నొక్కెయ్యండి, మెయిల్ మళ్లీ డ్రాఫ్ట్‌గా తెరుచుకుంటుంది, అంతటితో గండం గడిచినట్టే. ఆ పట్టీ పోయిందంటే జీమెయిల్ నుంచి మీరు ఇక ఏం చేసినా ఆ మెయిల్ వెనక్కి రాదు, సెంట్ ఫోల్డర్‌లో డిలీట్ చేస్తే పోయేది మీ దగ్గరున్న కాపీ మాత్రమే. ఆఫీసు అవుట్‌లుక్ అయ్యుండి, మెయిల్ వెళ్లింది మీ కంపెనీ లోపలి వాళ్లకే అయితే ఇక్కడే ఆపి, సెంట్ ఐటమ్స్‌లో ఆ మెయిల్ మీద డబుల్ క్లిక్ చేసి, పాత డెస్క్‌టాప్ అవుట్‌లుక్ అయితే ఫైల్ మెనూలోకి వెళ్లి, రీకాల్ కొట్టి రండి. మెయిల్ బయటి కంపెనీకో, క్లయింట్‌కో, పర్సనల్ అడ్రసుకో వెళ్లి ఉంటే మాత్రం సెట్టింగులు వెతుక్కుంటూ కూర్చోకండి, ఫోన్ తీసి మాట్లాడండి. ఎందుకో కింద చెప్తాను.

మిగతా వాళ్లు, అంటే ఇంకా తప్పు జరగని వాళ్లు, కాస్త నిదానంగా చదవండి. అసలు ఎంపిక చేసుకోగలిగింది మీరే. మెయిల్ వెళ్లిపోయాక మిగిలే దారులు తక్కువ, వెళ్లకముందు ఎక్కువ ఉంటాయి.

వాట్సాప్ మనకో అలవాటు నేర్పింది. తప్పు గ్రూపులో మెసేజ్ పెడితే డిలీట్ ఫర్ ఎవ్రీవన్ నొక్కేస్తాం, రెండు రోజుల పైచిలుకు దాకా ఆ అవకాశం ఉంటుంది. మెయిల్‌కూ అలాంటిదేదో ఉండే ఉంటుందని, మనకే తెలియడం లేదని అనుకుంటాం. లేదు. వాట్సాప్‌లో పంపేవాళ్లు, అందుకునేవాళ్లు ఇద్దరూ ఒకే కంపెనీ యాప్‌లో ఉంటారు, ఆ కంపెనీ చెప్తే రెండు ఫోన్లూ వింటాయి. మెయిల్ అలా కాదు. మీరు జీమెయిల్‌లో ఉంటారు, అవతలి వాళ్లు అవుట్‌లుక్‌లోనో జోహోలోనో కాలేజీ సర్వర్‌లోనో ఉంటారు, ఈ సర్వర్ల మధ్య మెయిల్ వెళ్లే పద్ధతిని జాన్ పోస్టెల్ అనే అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త 1982లో రాసి పెట్టారు, ఇప్పటికీ మూలం అదే. ఆ పద్ధతిలో మెయిల్ అప్పగించడానికి ఆదేశం ఉంది, అవతలి సర్వర్ "అందింది" అని జవాబివ్వడానికి ఒక కోడ్ ఉంది, ఇచ్చింది తిరిగి తీసుకోవడానికి మాత్రం ఏ ఆదేశమూ లేదు. "అందింది" అనే ఆ జవాబు సాధారణంగా సెకన్లలో వచ్చేస్తుంది. ఆ తర్వాత మెయిల్ మీది కాదు, వాళ్ల సర్వర్‌ది.

అందుకే మార్కెట్లో "మెయిల్ వెనక్కి తీసుకోండి" అని కనిపించే ప్రతి సదుపాయమూ మూడింట్లో ఏదో ఒకటి చేస్తుంది: మెయిల్‌ను అసలు పంపకుండా కాసేపు ఆపి ఉంచుతుంది, లేదా మీదీ అవతలి వాళ్లదీ రెండు మెయిల్ పెట్టెలూ ఒకే కంపెనీ చేతిలో ఉంటే అవతలి పెట్టెలోంచి తీసేస్తుంది, లేదా మెయిల్‌లో అసలు విషయం పెట్టకుండా లింకు మాత్రమే పంపి ఆ లింకును తర్వాత మూసేస్తుంది. ఈ మూడింటి తేడా అర్థమైతే మీకేది కావాలో మీరే తేల్చుకోగలరు.

అన్‌డూ: కొన్ని సెకన్లే, కానీ కచ్చితంగా పనిచేసేది ఇదే

జీమెయిల్‌లో అన్‌డూ సెండ్ 2009లో ప్రయోగంగా వచ్చింది, 2015లో అందరికీ మామూలు సెట్టింగ్ అయింది. ఇది మెయిల్‌ను వెనక్కి లాగదు, గూగుల్ దగ్గరే కాసేపు ఆపి ఉంచుతుంది, మీరు అన్‌డూ అంటే బయటికి వదలదు. కాబట్టి అవతలి వాళ్లకి ఏమీ తెలిసే అవకాశమే లేదు, నోటిఫికేషన్ వెళ్లదు, ఆనవాలు ఉండదు. నాకు ఈ పద్ధతి మీద అంత నమ్మకం ఉండటానికి కారణం అదే.

చిక్కేమిటంటే మొదట్లో అది 5 సెకన్లకే పెట్టి ఉంటుంది. ఐదు సెకన్లంటే మీరు సెండ్ నొక్కి, కాఫీ కప్పు అందుకునేలోపు అయిపోతాయి. దీన్ని 10, 20, 30 సెకన్లుగా మార్చుకోవచ్చు. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, పైన కుడివైపు గేర్ గుర్తు నొక్కి, సీ ఆల్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే మొదటి ట్యాబ్ జనరల్‌లోనే అన్‌డూ సెండ్ కనిపిస్తుంది. 30 ఎంచుకుని పేజీ చివరిదాకా కిందికి వెళ్లి సేవ్ ఛేంజెస్ నొక్కాలి. ఆ బటన్ అట్టడుగున ఉండటం వల్ల చాలామంది 30 ఎంచుకుని ట్యాబ్ మూసేస్తారు, సెట్టింగ్ 5 దగ్గరే ఉండిపోతుంది, అవసరం పడిన రోజున గానీ ఆ సంగతి బయటపడదు. ఇంకోటి, కీబోర్డ్ షార్ట్‌కట్లు ఆన్ చేసుకుంటే మౌస్‌తో పట్టీ కోసం వెతక్కుండా జెడ్ అక్షరం నొక్కినా చాలు.

20 పెట్టుకోవాలా 30 పెట్టుకోవాలా అని ఆలోచించాల్సిన పనే లేదు, 30 పెట్టుకోండి. అర నిమిషం ఆలస్యమైతే మునిగిపోయే మెయిల్ ఏదీ ఉండదు, అంత అర్జెంటయితే ఎలాగూ ఫోనే చేస్తాం.

ఐఫోన్‌లో యాపిల్ వాళ్ల మెయిల్ యాప్ వాడేవాళ్లకి ఐఓఎస్ 16 నుంచి, మ్యాక్‌లో వెంచురా నుంచి, అంటే 2022 నుంచి ఇదే సదుపాయం ఉంది: 10, 20, 30 సెకన్లు, ముందుగా 10 పెట్టి ఉంటుంది. ఆపే పని యాప్ చేస్తుంది కాబట్టి మీ అకౌంట్ ఏ కంపెనీదైనా ఇది పనిచేస్తుంది. బ్రౌజర్‌లో అవుట్‌లుక్ వాడేవాళ్లకి సెట్టింగుల్లో కంపోజ్ అండ్ రిప్లై దగ్గర అన్‌డూ సెండ్ ఉంది, 10 సెకన్లకు మించదు. అన్నింట్లోకీ పొట్టిది ఇదే, అందుకే అవుట్‌లుక్ వాళ్లకి నేను చెప్పేది వేరే దారి, అది కింద వస్తుంది. ఫోన్‌లో జీమెయిల్ యాప్‌లోనూ పంపగానే కింద అన్‌డూ కాసేపు మెరుస్తుంది, కానీ బస్సులోనో నడుస్తూనో పంపేటప్పుడు దాన్ని పట్టుకోవడం కష్టం. జీతాల షీటు, రాజీనామా, కొటేషన్ లాంటివి ఫోన్ నుంచి పంపకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

అన్‌డూతో దొరికే తప్పులు ఏవంటే వెంటనే కంటికి కనపడేవి. అటాచ్‌మెంట్ పెట్టలేదు, పేరు తప్పు పడింది, రిప్లై బదులు రిప్లై ఆల్ కొట్టాం. కోపంలో రాసిన మెయిల్ మాత్రం దీనికి దొరకదు. కోపం 30 సెకన్లలో చల్లారదు.

రీకాల్: పేరు గొప్ప, పరిధి చిన్న

ఆఫీసుల్లో అందరూ ముందు పరిగెత్తేది దీని దగ్గరికే, అపార్థాలు ఎక్కువ ఉన్నదీ దీని మీదే. మైక్రోసాఫ్ట్ అవుట్‌లుక్ రీకాల్ మీ సంస్థ లోపల మాత్రమే పనిచేస్తుంది. మీరూ అవతలి వాళ్లూ ఒకే కంపెనీ ఎక్స్‌ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్) లేదా మైక్రోసాఫ్ట్ 365లో ఉండాలి. క్లయింట్‌కి, వెండర్‌కి, మాజీ ఉద్యోగి జీమెయిల్‌కి వెళ్లిన మెయిల్ మీద దీనికి ఏ అధికారమూ లేదు.

లోపల కూడా పాత పద్ధతి, కొత్త పద్ధతి అని రెండున్నాయి, ఈ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది. పాత పద్ధతిలో రీకాల్ అంటే అవతలి వాళ్ల కంప్యూటర్‌లోని అవుట్‌లుక్‌కి ఒక వినతి వెళ్తుంది. వాళ్లు ఆ మెయిల్ ఇంకా తెరవకుండా ఉండి, కంప్యూటర్‌లో అవుట్‌లుక్ నడుస్తూ ఉండి, మెయిల్ వేరే ఫోల్డర్‌లోకి జరగకుండా ఉంటేనే అది మాయమవుతుంది. వాళ్లు ఫోన్‌లో చదివేసి ఉంటే అయిపోయినట్టే. పైగా "ఫలానా వారు ఈ మెయిల్‌ను వెనక్కి తీసుకోవాలనుకుంటున్నారు" అని ఇంకో మెయిల్ వాళ్ల పెట్టెలో పడుతుంది. రోజుకి వంద మెయిళ్లు వచ్చే మనిషి మీ మొదటి మెయిల్‌ని పట్టించుకోకుండా వదిలేసేవాడేమో, ఈ రెండోది చూశాక దాంట్లో ఏముందో అని వెతికి మరీ తెరుస్తాడు. పాత రీకాల్ మేలు కంటే కీడే ఎక్కువ చేసిన సందర్భాలు ఉద్యోగాలు చేసేవాళ్లందరూ చూసే ఉంటారు.

2023 నుంచి మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో ఉన్న పెట్టెలకి కొత్త రీకాల్ వచ్చింది. ఇది అవతలి కంప్యూటర్‌ని బతిమాలదు, నేరుగా సర్వర్‌లో ఉన్న పెట్టెలోంచి తీసేస్తుంది. వాళ్ల అవుట్‌లుక్ నడుస్తోందా లేదా అన్నది అనవసరం. చదివేసిన మెయిల్‌ని కూడా తీసేయగలదు, అయితే చదివినవాటిని వదిలెయ్యమని మీ ఐటీ అడ్మిన్ సెట్టింగ్ పెట్టి ఉంటే మాత్రం వదిలేస్తుంది. రీకాల్ కొట్టాక ఎవరెవరి పెట్టెలో తొలగిపోయింది, ఎక్కడ కుదరలేదు అన్న రిపోర్టు లింకు మీకు మెయిల్‌లో వస్తుంది, దాన్ని తప్పకుండా తెరిచి చూడండి, ఎవరితో విడిగా మాట్లాడాలో అక్కడే తెలుస్తుంది.

పాత డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో దారి ఇది: సెంట్ ఐటమ్స్‌లో మెయిల్‌ని డబుల్ క్లిక్ చేసి విడి విండోలో తెరవాలి. పక్కన ప్రివ్యూలో చూస్తూ ఉంటే రీకాల్ కనపడదు, చాలామంది ఇక్కడే "మా దాంట్లో లేదు" అనుకుని వదిలేస్తారు. తెరిచాక ఫైల్, ఇన్ఫో, రీసెండ్ ఆర్ రీకాల్, రీకాల్ దిస్ మెసేజ్. మీ ఆఫీసులో రెండు ఎంపికలు చూపించే పాత విండో వస్తే, మెయిల్‌ని తీసేసి దాని స్థానంలో కొత్తది పెట్టే రెండో ఎంపిక జోలికి టెన్షన్‌లో ఉన్నప్పుడు వెళ్లకండి. ముందు తీసెయ్యండి, సరిచేసినది తర్వాత నిదానంగా చూసుకుని పంపండి, హడావిడిలో రాసిన రెండో మెయిల్‌లో ఇంకో తప్పు దొర్లడం మామూలే.

కొత్త రీకాల్ ఎంత మంచిదైనా రెండు విషయాలు దాని చేతిలో లేవు. ఫోన్ లాక్ స్క్రీన్ మీద మెయిల్ మొదటి రెండు లైన్లు అప్పటికే కనిపించి ఉంటాయి, ఎవరైనా ఆ మెయిల్‌ని బయటికి ఫార్వర్డ్ చేసి ఉంటే ఆ కాపీ అక్కడే ఉంటుంది. కాబట్టి రీకాల్ సక్సెస్ అని రిపోర్టు వచ్చినా "ఎవరూ చూడలేదు" అని అర్థం కాదు.

గూగుల్ వర్క్‌స్పేస్ వాడే ఆఫీసుల్లో ఉద్యోగి తనంతట తాను రీకాల్ చేసే బటన్ లేదు. కొన్ని ప్లాన్లలో మాత్రం అడ్మిన్ దగ్గర మెయిళ్లు వెతికి ఉద్యోగుల పెట్టెల్లోంచి తీసేసే సాధనం ఉంటుంది. మైక్రోసాఫ్ట్ వైపు కూడా అడ్మిన్లకి అలాంటి శక్తి ఉంది. తప్పు పెద్దదైతే, అంటే జీతాల షీటు ఆఫీసంతటికీ వెళ్లిపోయిన స్థాయిది అయితే, సిగ్గుపడకుండా ఐటీ వాళ్లకి టికెట్ పెట్టడం కాదు, లేచి వెళ్లి చెప్పండి. టికెట్ క్యూలో ఉండేలోపు సగం మంది డౌన్‌లోడ్ చేసేసుకుంటారు.

డిలే: అవుట్‌లుక్ వాళ్లకి నా మొదటి ఓటు దీనికే

పాత డెస్క్‌టాప్ అవుట్‌లుక్‌లో మీరు పంపే ప్రతి మెయిల్‌నీ కొన్ని నిమిషాలు అవుట్‌బాక్స్‌లో ఆపి పంపే రూల్ పెట్టుకోవచ్చు. ఫైల్‌లో మేనేజ్ రూల్స్ అండ్ అలర్ట్స్, న్యూ రూల్, నేను పంపే మెసేజ్‌లకి వర్తించేది ఎంచుకుని, డెలివరీని ఇన్ని నిమిషాలు వాయిదా వెయ్యి అన్న గడిలో టిక్ పెట్టాలి. 120 నిమిషాల దాకా పెట్టుకోవచ్చు, కానీ రెండు నిమిషాలు సరిపోతాయి. ఐదు పెట్టారంటే మీటింగ్‌లో "ఆ మెయిల్ ఇంకా రాలేదే" అని మేనేజర్ అడుగుతారు, మీరు చిరాకుపడి రూలే తీసేస్తారు. అలాంటప్పటి కోసం అదే రూల్‌లో మినహాయింపు పెట్టుకోండి: హై ఇంపార్టెన్స్ గుర్తు పెట్టిన మెయిల్ అయితే ఆపకుండా పంపెయ్యమని. అర్జెంటుగా పంపాల్సినప్పుడు ఎర్ర ఆశ్చర్యార్థకం గుర్తు నొక్కి పంపితే వెంటనే వెళ్తుంది.

దీనికి రెండు పరిమితులున్నాయి. ఈ రూల్ మీ కంప్యూటర్‌లోని అవుట్‌లుక్‌ది, ఫోన్ నుంచి పంపేవాటికి వర్తించదు. సాయంత్రం ల్యాప్‌టాప్ మూసేసే ముందు అవుట్‌బాక్స్ ఖాళీ అయిందో లేదో ఒకసారి చూడాలి, లేకపోతే పంపాననుకున్న మెయిల్ పొద్దున దాకా అక్కడే ఉండిపోవచ్చు.

జీమెయిల్‌లో ఇంత పొడవైన ఆటోమేటిక్ ఆలస్యం లేదు, దాని బదులు 2019లో వచ్చిన షెడ్యూల్ సెండ్ వాడుకోవచ్చు. సెండ్ పక్కన ఉన్న చిన్న బాణం నొక్కి టైమ్ పెట్టాలి. టైమ్ అయ్యేలోపు షెడ్యూల్డ్ ఫోల్డర్‌లోకి వెళ్లి క్యాన్సిల్ చేస్తే అది మళ్లీ డ్రాఫ్ట్ అయిపోతుంది. ప్రతి మెయిల్‌కీ ఇది చేయలేం, చేయనక్కర్లేదు. కోపంగా ఉన్నప్పుడు, రాత్రి పొద్దుపోయాక రాసినప్పుడు, జీతం గురించో రాజీనామా గురించో రాసినప్పుడు మర్నాడు పొద్దున తొమ్మిదికి పెట్టుకోండి. పొద్దున లేచి చదివితే కనీసం రెండు వాక్యాలు మీరే తీసేస్తారు.

అన్నట్టు, పెద్ద అటాచ్‌మెంట్ ఉన్న మెయిల్ పంపిన వెంటనే తప్పు తెలిస్తే అది ఇంకా అవుట్‌బాక్స్‌లోనే అప్‌లోడ్ అవుతూ ఉండొచ్చు. నెట్ ఆపేసి అవుట్‌బాక్స్ చూడండి. ఉంటే డిలీట్ చేసి అప్పుడు నెట్ ఆన్ చేయండి. ఇది పద్ధతి కాదు, అదృష్టం, కానీ ప్రయత్నించడానికి పట్టేది రెండు సెకన్లు.

అటాచ్‌మెంట్ బదులు లింకు

దీన్ని మెయిల్ రీకాల్‌తో ఎవరూ పోల్చరు, కానీ బయటి వాళ్లకి ఫైళ్లు పంపేవాళ్లకి ఇంతకంటే మంచి రీకాల్ లేదు. చిన్న వ్యాపారాలు, సీఏ ఆఫీసులు, స్కూళ్లు, టెండర్లు వేసే కాంట్రాక్టర్లు ముఖ్యంగా ఇది వినాలి.

ఎక్సెల్ ఫైల్‌ని మెయిల్‌కి తగిలిస్తే దాని కాపీ అవతలికి వెళ్లిపోతుంది. అదే ఫైల్‌ని గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో పెట్టి, ఫలానా అడ్రసు వాళ్లకి మాత్రమే అని అనుమతిచ్చి, లింకు పంపితే ఫైల్ మీ దగ్గరే ఉంటుంది. మెయిల్ తప్పు మనిషికి వెళ్లిందనుకోండి, లింకు తెరిస్తే వాళ్లకి అనుమతి లేదనే చూపిస్తుంది, అంటే మీరు ఏమీ చేయకముందే ప్రమాదం తప్పింది. సరైన మనిషికే వెళ్లి, లోపల రేటు తప్పు పడిందనుకోండి, ఫైల్‌లో సరిచేస్తే చాలు, వాళ్లు తెరిచినప్పుడు సరిచేసినదే కనిపిస్తుంది. అసలు వద్దనుకుంటే అనుమతి తీసెయ్యొచ్చు. లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు అన్న సెట్టింగ్ పెట్టి పంపితే మాత్రం ఈ లాభాల్లో మొదటిది పోతుంది. త్వరగా పనైపోతుందని చాలామంది అదే పెడతారు, దయచేసి పెట్టకండి. అవతలి వాళ్లు అప్పటికే డౌన్‌లోడ్ చేసుకుని ఉంటే ఆ కాపీ మీద మీకు పట్టు ఉండదు, వ్యూయర్ అనుమతిలో డౌన్‌లోడ్‌ని ఆపే ఎంపిక ఉంది, వాడుకోండి.

జీమెయిల్ కాన్ఫిడెన్షియల్ మోడ్ కూడా దాదాపు ఈ కోవదే. రాసేటప్పుడే కింద తాళం గుర్తు నొక్కి, ఒక రోజు నుంచి ఐదేళ్ల దాకా గడువు పెట్టొచ్చు. గడువు లోపలే సెంట్‌లోకి వెళ్లి రిమూవ్ యాక్సెస్ నొక్కితే అవతలి వాళ్లు ఇక తెరవలేరు. ఫార్వర్డ్, కాపీ, ప్రింట్, డౌన్‌లోడ్ ఉండవు. స్క్రీన్‌షాట్ తీసుకోకుండా మాత్రం ఆపలేదు. పాన్ నంబరు, ఆధార్ కాపీ లాంటివి ఇంటి ఓనరుకో ఏజెంటుకో పంపేటప్పుడు నేను దీన్నే సలహా ఇస్తాను. రోజువారీ ఆఫీసు మెయిళ్లకి వద్దు, జీమెయిల్ వాడని వాళ్లకి విషయం బదులు లింకు వెళ్తుంది, కొంతమంది దాన్ని మోసం మెయిల్ అనుకుని తెరవనే తెరవరు.

మెయిల్ వెళ్లిపోయింది, ఇప్పుడు?

ఇక్కడ సాంకేతికం అయిపోయింది, మిగిలింది మనుషులతో పని. మీ ముందు నాలుగు దారులుంటాయి: ఊరుకోవడం, సవరణ మెయిల్ పంపడం, ఫోన్ చేయడం, పైవాళ్లకి చెప్పడం.

అక్షరదోషం, చిన్న తేదీ పొరపాటు, "డియర్ సర్" బదులు "డియర్ మేడమ్" లాంటివాటికి ఊరుకోవడమే సరి, మహా అయితే తర్వాతి మెయిల్‌లో సరిచేస్తే సరిపోతుంది. ఉద్యోగానికి అప్లై చేసినప్పుడు పాత రెజ్యూమే వెళ్లిపోతే మాత్రం వెంటనే రెండు లైన్లతో కొత్తది పంపండి, సంజాయిషీలు అక్కర్లేదు, "ఇందాకటి మెయిల్‌లో పాత కాపీ జతైంది, దయచేసి దీన్ని పరిగణించండి" అంటే చాలు. హెచ్‌ఆర్ వాళ్లకి ఇలాంటివి రోజూ వస్తాయి.

సవరణ మెయిల్ ఎప్పుడు పంపాలన్న దాంట్లో ఒక కిటుకు ఉంది. హైదరాబాద్‌లో పొద్దున పదింటికి తప్పు మెయిల్ వెళ్తే న్యూయార్క్‌లో అప్పుడు అర్ధరాత్రి ప్రాంతం, క్లయింట్ నిద్రలో ఉంటాడు, మీకు ఎనిమిది గంటల పైనే ఉంది. పొద్దున లేచి పెట్టె తెరిస్తే కొత్త మెయిల్ పైన, పాతది కింద ఉంటుంది. కాబట్టి సవరించిన మెయిల్‌ని అదే సబ్జెక్ట్ ముందు "సవరించిన కాపీ, దీన్నే చూడండి" అని అర్థమయ్యేలా రాసి ఇప్పుడే పంపేస్తే, చాలాసార్లు పాతది తెరవాల్సిన అవసరమే రాదు. సబ్జెక్ట్‌లో "దయచేసి ముందు మెయిల్ చదవకండి" అని మాత్రం రాయకండి, చదవకండి అన్నదాన్ని చదవని మనిషి లేడు.

వేరేవాళ్ల సమాచారం గానీ, డబ్బు లెక్కలు గానీ బయటి మనిషికి వెళ్తే ఫోనే దారి. మెయిల్‌లో బతిమాలితే ఎలా ఉంటుందో తెలియదు, కానీ ఫోన్‌లో ఒక మనిషి గొంతు వినగానే చాలామంది మంచిగానే స్పందిస్తారు. "అండీ, ఇప్పుడే మీకు నా దగ్గర్నుంచి ఒక మెయిల్ వచ్చుంటుంది, అది వేరేవాళ్లకి వెళ్లాల్సింది, అందులో కొందరి వివరాలున్నాయి, తెరవకుండా డిలీట్ చేసి, ట్రాష్‌లోంచి కూడా తీసేసి, తీసేశానని ఒక్క లైన్ రిప్లై పెట్టగలరా" అని అడగండి. ఆ ఒక్క లైన్ రిప్లై ముఖ్యం, రేపు ఎవరైనా అడిగితే మీరు ఏం చేశారో చెప్పడానికి అదే రుజువు.

పైవాళ్లకి చెప్పడం దగ్గరే మనవాళ్లు ఎక్కువగా వెనకాడతారు. ఉద్యోగం పోతుందేమోనని దాచేస్తారు, ముఖ్యంగా కొత్తగా చేరిన పిల్లలు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే దాచిన గంటలే నష్టాన్ని పెంచుతాయి. 2021 సెప్టెంబరులో బ్రిటన్ రక్షణ శాఖ, అఫ్గానిస్తాన్‌లో బ్రిటన్‌తో పనిచేసి తాలిబన్ల రాజ్యం నుంచి బయటపడాలని చూస్తున్నవాళ్లకి ఒక మెయిల్ పంపింది. 245 మంది అడ్రసులు బీసీసీలో, అంటే ఒకరి అడ్రసు ఇంకొకరికి కనపడని గడిలో, పెట్టాల్సింది టూలో పెట్టేశారు, అందరికీ అందరి అడ్రసులూ కనిపించాయి. ఇద్దరు రిప్లై ఆల్ కొట్టారు, వాళ్లలో ఒకరు తాము ఎక్కడున్నదీ రాసేశారు. శాఖ మళ్లీ మెయిల్ పంపి, మొదటిది డిలీట్ చేయమని, ఈమెయిల్ అడ్రసే మార్చుకోమని చెప్పుకోవాల్సి వచ్చింది. 2023 డిసెంబరులో అక్కడి సమాచార కమిషనర్ 3.5 లక్షల పౌండ్ల జరిమానా వేశారు. అంతటితో అయిపోలేదు, 2022 ఫిబ్రవరిలో అదే శాఖ నుంచి దాదాపు 19 వేల మంది అఫ్గాన్ల వివరాలున్న స్ప్రెడ్‌షీట్ మెయిల్‌లో బయటికి వెళ్లిపోయింది, ఆ సంగతి శాఖకి తెలిసింది 2023 ఆగస్టులో. ఏడాదిన్నర! అప్పటికి ఏ రీకాల్ బటన్ ఏం చేస్తుంది?

మన దగ్గర 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, ఎవరో హ్యాక్ చేస్తేనే ఉల్లంఘన అనడం లేదు, వివరాలు పొరపాటున బయటపడినా ఆ లెక్కలోకే తెచ్చింది. కాబట్టి కస్టమర్ల లిస్టు, విద్యార్థుల మార్కులు, పేషెంట్ల రిపోర్టులు తప్పు చోటికి వెళ్తే అది మీ సొంత తలనొప్పి కాదు, సంస్థ చూసుకోవాల్సిన విషయం. మేనేజర్‌కి ఆ గంటలోనే చెప్పండి: ఏ మెయిల్, ఎన్నింటికి, ఎవరికి, అందులో ఏముంది, ఇప్పటిదాకా మీరు ఏం చేశారు. ఈ ఐదూ చెప్తే వాళ్లు మీ మీద అరవడానికి ముందు పని మొదలుపెడతారు. మేనేజర్లకూ ఒక మాట: వచ్చి చెప్పిన మనిషిని అందరి ముందు నిలబెట్టి తిడితే, తర్వాతి మనిషి చెప్పడు.

తప్పులు పుట్టే చోటు

మన ఆఫీసుల్లో తప్పు అడ్రసు ఎక్కువగా ఎలా పడుతుందో చూడండి. టూ గడిలో శ్రీని అని కొట్టగానే కింద వరసగా ఐదారుగురు శ్రీనివాసులు వస్తారు, ఒకరికి ఇంటిపేరు మొదటి అక్షరం ముందు, ఇంకొకరికి వెనక, ఒకరు మీ టీమ్, ఇంకొకరు క్లయింట్ కంపెనీ, మూడోవారు ఎప్పుడో ఇంటర్వ్యూకి వచ్చి వెళ్లిన మనిషి. ఎంటర్ నొక్కితే మొదటి పేరు పడిపోతుంది. సాయికృష్ణలు, లక్ష్ములు, వెంకట్‌ల దగ్గరా ఇదే గొడవ. అవుట్‌లుక్‌లో ఆ జాబితాలో అక్కర్లేని పేరు పక్కన ఇంటూ గుర్తు ఉంటుంది, నొక్కితే ఆ పేరు సూచనల్లోంచి పోతుంది. జీమెయిల్‌లో జనరల్ సెట్టింగ్స్‌లోనే, మెయిల్ పంపిన ప్రతి కొత్త మనిషినీ కాంటాక్టుల్లో చేర్చడం ఆపి, నేనే చేర్చుకుంటాను అనే ఎంపిక ఉంది. అక్కడే డిఫాల్ట్ రిప్లై అనే చోట రిప్లై ఆల్ కాకుండా రిప్లై ఉందో లేదో కూడా చూసుకోండి.

ఎక్సెల్ ఫైల్ పంపేటప్పుడు దాచిన వరుసలు, ఫిల్టర్ వెనక ఉన్నవి, పక్క షీట్లు అన్నీ వెళ్తాయి. అవతలి వాళ్లకి కావాల్సిన భాగం కొత్త ఫైల్‌లోకి వేసుకుని అది పంపండి, లేదా పీడీఎఫ్ చేయండి. ఎక్కువమందికి ఒకేసారి పంపుతుంటే అడ్రసులు బీసీసీలో పెట్టండి, టూలో మీ అడ్రసే పెట్టుకోండి. అడ్రసు అన్నింటికంటే చివర్లో రాయండి, టూ గడి ఖాళీగా ఉంటే సగం రాసిన మెయిల్ వెళ్లడానికి వీలే లేదు.

రీకాల్ మీదే ఆధారపడదామనుకునే అవుట్‌లుక్ వాళ్లు, మీ ఆఫీసులో ఉన్నది పాతదో కొత్తదో అవసరం పడకముందే తెలుసుకోండి. పక్క సీటు వాళ్లకి చెప్పి ఒక ఉత్త మెయిల్ పంపి, వాళ్లు తెరవకముందు రీకాల్ చేయండి. ఇంకోటి పంపి, వాళ్లు ఫోన్‌లో తెరిచి చదివాక రీకాల్ చేయండి. వాళ్ల పెట్టెలో ఏమైంది, వాళ్ల ఫోన్‌లో ఏం మిగిలింది, మీకు రిపోర్టు ఏమని వచ్చింది, మూడూ చూసుకుంటే మీ ఆఫీసు రీకాల్ ఎంతవరకు ఆదుకుంటుందో మీకే తెలిసిపోతుంది.